అడవిని కొలిచిన కుంచంతోనే నీళ్ళనూ కొలవండి: నార్వే పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

నార్వే పార్లమెంటు స్టోర్టింగ్‌లోని 169 మంది సభ్యులకు,

నమస్కారం.

మాది శృంగవరపుకోట. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే దారిలో, ఘాట్ ఎక్కబోయే ముందు వచ్చే ఊరు. ముప్పై ఏళ్ళకు పైగా సరుకు ఓడల్లో తిరిగి, బోసన్‌గా, అంటే డెక్కు మీద పనిచేసేవాళ్ళ మేస్త్రీగా, రిటైరై ఇంటికొచ్చాను. మీ దేశంలో నాకు ఓటు లేదు, బ్రెజిల్‌లోనూ లేదు. కాకపోతే ఆ రెండు దేశాల మధ్య నడిచే ఒక సరుకు కోసం ఓడ కడిగినవాణ్ణి. అది అల్యూమినా, అల్యూమినియం తయారీకి వాడే తెల్లపొడి. దాని గురించి మీతో మాట్లాడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అల్యూమినా ఎక్కించాలంటే ముందు హోల్డు, అంటే ఓడలో సరుకు నింపే గది, కడగాలి. నీళ్ళు కొట్టి వదిలేస్తే కుదరదు. అంతకు ముందు ట్రిప్పులో బొగ్గో, ఇనుప ఖనిజమో తెచ్చి ఉంటాం. ఆ గుండ ఫ్రేముల సందుల్లో, నిచ్చెన మెట్ల వెనక, బిల్జి గుంటల్లో దూరి కూర్చుంటుంది. సముద్రం మీద ఉన్న రోజులన్నీ మాకు అదే పని. ముందు చీపుళ్ళు, తర్వాత ఉప్పునీటి పైపు, ఆఖరున ట్యాంకులోని మంచినీళ్ళు. తుప్పు పొర లేచిన చోటల్లా గీకాలి. రేవుకు చేరాక సర్వేయరు నిచ్చెన దిగి వచ్చి, గుడ్డ తీసి గోడ తుడిచి చూస్తాడు. మరక అంటిందంటే లోడింగ్ లేదు, మళ్ళీ మొదటికి. ముప్పై అడుగుల పైన, తాడు కట్టుకుని, ఆ మరక కోసం వెతికిన కుర్రాళ్ళలో మా శ్రీకాకుళం, సోంపేట వైపు వాళ్ళు ఎందరో ఉన్నారు.

అల్యూమినాకు అంత మర్యాద ఎందుకంటే అందులో ఏదీ కలవకూడదు. ముగ్గుపిండిలా తెల్లగా ఉంటుంది, నీళ్ళలా జారుతుంది. బ్రెజిల్ ఉత్తరాన పారా రాష్ట్రంలో బార్కరేనా అనే పట్టణం ఉంది, దాని రేవు విలా దో కోండి. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి వానకు వేళాపాళా ఉండదు. మబ్బు కమ్మగానే వాకీటాకీలో చీఫ్ ఆఫీసర్ కేక వినపడేది, హాచ్‌లు మూసెయ్యమని. లోడర్ ఆగిపోయేది. మేం పరిగెత్తి మూతలు వేసేవాళ్ళం. వాన వెలిశాక డెక్కు తుడిచి మళ్ళీ తెరిచేవాళ్ళం. చుక్క పడకూడదు. ఒక్కోరోజు మూడు నాలుగు సార్లు ఇదే తంతు.

అలా మరక అంటకుండా, చుక్క తడవకుండా రెండు వారాలకు పైగా అట్లాంటిక్ మీద మోసుకుని మీ దగ్గరికి తెచ్చేవాళ్ళం. పైలట్ ఎక్కాక సోగ్నె ఫియోర్డ్‌లోకి 200 కిలోమీటర్లు లోపలికి, రెండు వైపులా నిటారు కొండల మధ్య, అర్దాల్‌స్టాంగెన్ దాకా. మొదటిసారి వెళ్ళినప్పుడు రేవు గోడ పక్కన నీళ్ళలోకి చూస్తే అడుగున రాళ్ళు కనిపించాయి. అంత పెద్ద కర్మాగారం పక్కన అంత తేట నీళ్ళా అని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మీరు ఆ నీటిని ఎంత ప్రేమగా కాపాడుకున్నారో అప్పుడే అర్థమైంది. మీ మీద నాకున్న గౌరవం ఆ రోజు మొదలైంది, ఇప్పటికీ ఉంది. ఈ ఉత్తరం రాయడానికి ధైర్యం ఇచ్చిందీ అదే.

ఇప్పుడు ఆ తెల్లపొడి బయలుదేరిన చోటికి వద్దాం.

పారా రాష్ట్రంలోని పారగోమినాస్‌లో బాక్సైట్ తవ్వుతారు. ఆ మట్టిని నీళ్ళతో కలిపి 244 కిలోమీటర్ల గొట్టంలో బార్కరేనాకు పంపుతారు. అక్కడ అలునోర్తె రిఫైనరీలో కాస్టిక్ సోడాతో ఉడికించి అల్యూమినా తీస్తారు. ఏడాదికి 63 లక్షల టన్నుల సామర్థ్యం, చైనా బయట ప్రపంచంలో దాన్ని మించింది లేదు. అల్యూమినా తీయగా మిగిలేది ఎర్రటి బురద. ఆ క్షారపు బురదను అక్కడే, మనుషులు నివసించే పల్లెల పక్కనే, గుట్టలుగా నిల్వ చేస్తారు. ఈ గనిని, రిఫైనరీని మీ నార్స్క్ హైడ్రో కంపెనీ బ్రెజిల్ కంపెనీ వాలే నుంచి 2011లో తీసుకుంది. 2023లో రిఫైనరీలో 30 శాతం వేరేవాళ్ళకు అమ్మినా పెత్తనం హైడ్రోదే. ఇక హైడ్రోలో మూడో వంతుకు పైగా, 34 శాతం దాటి, వాటా నార్వే ప్రభుత్వానిది. మీ పరిశ్రమల, మత్స్య శాఖ ఆ వాటాను చూసుకుంటుంది. అంటే ఆ కంపెనీ లాభం పంచినప్పుడల్లా అందులో ఒక భాగం మీరు ఓటు వేసి ఖర్చుపెట్టే ఖజానాలోకి వస్తుంది. అందుకే ఉత్తరం కంపెనీకి రాయకుండా మీకు రాస్తున్నాను.

2018 ఫిబ్రవరి 16, 17 తేదీల్లో బార్కరేనాలో కుండపోత వాన కురిసింది. పల్లెల్లోకి ఎర్రనీళ్ళు వచ్చాయని జనం ఫొటోలు తీశారు. బ్రెజిల్ ఆరోగ్య శాఖ కింద పనిచేసే ఎవాండ్రో షాగాస్ సంస్థ నమూనాలు తీసి, రిఫైనరీ నుంచి వచ్చిన కాలుష్యం నీళ్ళలో కలిసిందని చెప్పింది. కంపెనీ ఒప్పుకోలేదు. బురద నిల్వలు పొంగలేదని వాదించింది. ఆ ఒక్క మాట వరకు తర్వాతి తనిఖీలు కూడా కంపెనీ వైపే నిలిచాయి, అది దాచను. అయితే అనుమతి లేని పాత గొట్టాలు, కాలవల గుండా శుద్ధి చేయని నీటిని పారా నదిలోకి వదిలిన సంగతి బయటపడింది. మార్చిలో హైడ్రో అధిపతిగా ఉన్న స్వైన్ రిచర్డ్ బ్రాండ్‌త్సేగ్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అధికారులు ఉత్పత్తిని సగానికి తగ్గించమన్నారు. ఆ ఆంక్ష 2019 మే దాకా నడిచింది. అంతకు ముందు 2009లో, వాలే పెత్తనంలో ఉండగా, ఎర్రబురద పొంగి మురుకుపి అనే ఏరులో కలిసింది. అప్పటికే ఆ రిఫైనరీలో హైడ్రోకు వాటా ఉంది.

అక్కడ వాళ్ళు అలాంటి చిన్న ఏరును ఇగరపే అంటారు. మేం గెడ్డ అంటాం. స్నానం అందులోనే, బట్టలు అందులోనే, చేపలు అందులోవే. గెడ్డ మీద అనుమానం వచ్చిందంటే ఆ ఊరి రోజు మొత్తం మారిపోతుంది. పొద్దున్నే లేచి బిందె ఎక్కడ ముంచాలి, పిల్లాణ్ణి ఎక్కడ కడగాలి అన్నది కూడా ఆలోచించుకోవాల్సి వస్తుంది. 2018 వరద తాకిన పల్లెల్లో ఒకదాని పేరు బోమ్ ఫుతూరో. పోర్చుగీసులో మంచి భవిష్యత్తు అని అర్థం. అక్కడి ప్రజల సంఘం ఒకటి 2021లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ కోర్టు తలుపు తట్టింది. అమెజాన్ ఏటి ఒడ్డున ఉండే మనిషి తన నీటి కోసం యూరప్ కోర్టు దాకా వెళ్ళాలంటే ఎంత దూరం, ఎంత ఖర్చు, ఎన్నేళ్ళు! ఓడలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ దూరం నాకు మైళ్ళలో తెలుసు.

ఇదే పారా రాష్ట్రంలో, ఇదే అమెజాన్‌లో మీరు చేసిన గొప్ప పని ఇంకొకటి ఉంది. దాన్ని నిండు మనసుతో మెచ్చుకుంటున్నాను. నేను అడగబోయేది కూడా అందులోంచి పుట్టిందే.

2008లో అడవి నరికివేత తగ్గించడానికి బ్రెజిల్ అమెజాన్ నిధిని పెట్టినప్పుడు మీ ప్రధాని యెన్స్ స్టోల్టెన్‌బర్గ్ బ్రసీలియా వెళ్ళి 100 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని మాట ఇచ్చారు. మొదటి పదేళ్ళలో ఆ నిధికి వచ్చిన సొమ్ములో 90 శాతం పైన మీదే. డబ్బు కంటే అది ఇచ్చిన పద్ధతి నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. ముందుగా ఇవ్వలేదు. పని జరిగాక, కొలిచాక ఇచ్చారు. 1996 నుంచి 2005 దాకా ఏడాదికి సగటున 19,500 చదరపు కిలోమీటర్ల అడవి పోయేది. దాన్ని గీటుగా పెట్టుకుని, అంతకంటే ఎంత తగ్గితే అంత లెక్కగట్టి, టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 5 డాలర్ల చొప్పున ఇచ్చారు. కొలిచింది బ్రెజిల్ ప్రభుత్వ అంతరిక్ష పరిశోధన సంస్థ ఇన్పే. ఉపగ్రహ చిత్రాలు, అందరికీ కనిపించే లెక్కలు. అడవి నరికేవాళ్ళు తమ గొడ్డలి గురించి తామే రాసుకున్న నివేదిక చూసి మీరు డబ్బు ఇవ్వలేదు.

ఆ లెక్కకు మీరు విలువ ఇచ్చారు కూడా. 2012లో నరికివేత 4,571 చదరపు కిలోమీటర్లకు దిగింది. 2019లో అధ్యక్షుడు బొల్సొనారో ప్రభుత్వం ఆ నిధిని నడిపే కమిటీలను రద్దు చేసింది. ఆగస్టులో మీ పర్యావరణ మంత్రి ఓలా ఎల్వెస్టుయెన్ 30 కోట్ల క్రోనర్ల చెల్లింపు ఆపేశారు. బ్రెజిల్ అధ్యక్షుడు మీ దేశాన్ని నానా మాటలూ అన్నారు. అయినా మీరు వెనక్కి తగ్గలేదు. 2021లో పోయిన అడవి 13,038 చదరపు కిలోమీటర్లు, మా పాత ఉమ్మడి విశాఖ జిల్లా మొత్తం కంటే ఎక్కువ. 2023 జనవరిలో లూలా మళ్ళీ అధ్యక్ష పదవిలోకి వస్తూనే నిధిని తిరిగి తెరిచారు. 2025 లెక్క 5,796. ఒక దేశం ఇంకో దేశంతో పెట్టుకున్న ఒప్పందం ఇంత స్పష్టంగా నేల మీద కనిపించడం అరుదు. మీ రాజు హరాల్డ్ 2013లో యానొమామి ఆదివాసుల ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ మధ్య కొన్ని రోజులు ఉండి వచ్చారని చదివినప్పుడు నేను ఓడలో ఉన్నాను. ఆ వార్త మా మెస్సు గదిలో బల్ల మీద పెట్టి అందరికీ చూపించాను.

2025 నవంబరులో బెలేంలో ప్రపంచ వాతావరణ సదస్సు జరిగింది. ఉష్ణమండల అడవుల కోసం బ్రెజిల్ ప్రతిపాదించిన కొత్త నిధికి మీరు పదేళ్ళలో 3,000 కోట్ల క్రోనర్లు రుణంగా ఇస్తామన్నారు. బెలేం పారా రాజధాని. అక్కడి రేవులో పడవ ఎక్కితే అఖాతం దాటి బార్కరేనా.

నా మాట ఇదే. బెలేంలో మీ దగ్గర మంచి కుంచం ఉంది. దాన్ని పడవలో పెట్టుకుని అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళండి.

హైడ్రో తన పరీక్షలు తాను చేయించుకుంటుంది, నివేదికలు వేస్తుంది. బురదలో నీరు పిండే కొత్త యంత్రాలు పెట్టింది, రిఫైనరీలో నల్లటి ఇంధన నూనె మాని గ్యాస్ వాడుతోంది. ఇవి మంచి మార్పులే. కానీ బురద గుట్ట ఎవరిదో, పక్క పల్లె బావిలో నీరు బాగుందని చెప్పేదీ వాళ్ళే అయితే ఆ ఊరి తల్లి ఎలా నమ్ముతుంది? అడవి విషయంలో మీరే నమ్మలేదు. ఎవాండ్రో షాగాస్ లాంటి ప్రభుత్వ సంస్థ, పారా ఫెడరల్ విశ్వవిద్యాలయం అక్కడే ఉన్నాయి. వాళ్ళను ప్రతి నెలా బావులు, ఇగరపేలు, నది ఒడ్డు పరీక్ష చేయనివ్వండి. ఎక్కడ నమూనా తీయాలో పల్లెవాళ్ళు చూపించాలి. అల్యూమినియం ఎంత, సీసం ఎంత, సోడియం ఎంత, క్షారం ఎంత అన్నది పోర్చుగీసులో, చదవడం తక్కువ వచ్చినవాళ్ళకు కూడా అర్థమయ్యేలా రాయాలి. ఖర్చు మీ ఖజానాకు వచ్చే డివిడెండు నుంచి ఇవ్వండి. లెక్క బాగా లేని ఏడాది ఆ డివిడెండు తీసుకోకండి, అది అక్కడే ఉంచి నీళ్ళు బాగు చేయించండి. అడవి తగ్గితే బ్రెజిల్‌కు డబ్బు ఆపారు. నీళ్ళు చెడితే మీకు వచ్చే డబ్బు మీరే ఆపుకోవాలి. వాటాదారుగా మీరు బోర్డును అడగగలిగిన విషయమే ఇది.

ఇలా అడగడం అత్యాశ అనుకునేవాళ్ళకు మా కొండల సంగతి చెప్పాలి.

మా అమ్మ అనంతగిరిలో టీచరు. వేసవి సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళేది. బడి వెనక గెడ్డ ఉండేది, మే నెలలో కూడా పారేది. దోసిలి పట్టి తాగితే పళ్ళు జివ్వుమనేవి. ఆ కొండల నెత్తి మీద ఉన్నది బాక్సైట్. వానాకాలం నీళ్ళను ఆ పొర పీల్చి పెట్టుకుని ఎండాకాలం గెడ్డల్లోకి వదులుతుందని కొండ మీద ఎవరిని అడిగినా చెబుతారు. ఆ అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల, ఆదివాసీ భూముల్లో బయటివాళ్ళకు గనుల లీజులు ఇచ్చినప్పుడు సమతా అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇవ్వకూడదని కోర్టు చెప్పింది. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్ళు, వైద్యం, చదువు, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా చెప్పింది. మా దేశంలో ఆ తీర్పును పూర్తిగా అమలు చేశారని నేను అనను. దాని చుట్టూ ఇప్పటికీ పోరాటమే. 2015లో 97వ నంబరు జీవోతో బాక్సైట్ తవ్వడానికి మళ్ళీ దారి తెరిచారు, మన్యం మొత్తం కదిలింది, 2019లో ఆ జీవో రద్దయింది. కానీ 20 శాతం అనే అంకె ఒక అత్యున్నత న్యాయస్థానం నోటి నుంచి వచ్చింది. ఎక్కడో పుస్తకాల్లో పుట్టింది కాదు, మా గెడ్డల దగ్గర పుట్టింది. బార్కరేనా విషయం మీ సభలో చర్చకు వచ్చినప్పుడు దీన్ని ఒకసారి బల్ల మీద పెట్టండి.

మీకూ మా తూర్పు కనుమలకూ పాత పరిచయం ఉంది. ఒడిశాలో, మాకు ఎగువన, రాయగడ జిల్లా కాశీపూర్ దగ్గర ఉత్కల్ అల్యూమినా అనే ప్రాజెక్టులో నార్స్క్ హైడ్రో భాగస్వామిగా ఉండేది. కొండ ఇవ్వబోమని ఆదివాసులు ఏళ్ళ తరబడి అడ్డుకున్నారు. 2000 డిసెంబరు 16న మైకంచ్ గ్రామంలో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. మరుసటి ఏడాది హైడ్రో ఆ ప్రాజెక్టు వదిలి వెళ్ళిపోయింది. మీ దేశంలో ప్రజలు అడిగారు, ప్రశ్నించారు, దాని ఫలితం అది. ఆ ప్రశ్నలకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. అయితే కొండ మిగల్లేదు. వేరే చేతుల్లో ఆ కర్మాగారం లేచింది, బాక్సైట్ తవ్వుతున్నారు. అందుకే బార్కరేనా నుంచి వెళ్ళిపొమ్మని మిమ్మల్ని అడగడం లేదు. మీరు వెళ్ళినా బురద గుట్ట వెళ్ళదు. అడగగలిగిన యజమాని స్థానంలో అడగడానికి వీల్లేని ఇంకెవరో వస్తారు. మీరు ఉండండి. ఉండి, మంచి యజమాని ఎలా ఉంటాడో చూపించండి.

మూలవాసుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒడంబడికను ప్రపంచంలో అందరికంటే ముందు, 1990లోనే, ఆమోదించింది మీరు. ఆల్టా నది మీద డ్యామ్ వద్దని మీ ఉత్తరాది మూలవాసులైన సామీ ప్రజలు మీ పార్లమెంటు ముందు నిరాహారదీక్ష చేసిన ఆ రోజుల తర్వాత వచ్చిన మార్పు అది. బ్రెజిల్ 2002లో ఆమోదించింది. మా దేశం ఇప్పటికీ చేయలేదు, ఆ బాధ నాకుంది. ఫోసెన్‌లో గాలిమరలు సామీల రెయిన్‌డీర్ల మేతకు అడ్డమయ్యాయని 2021లో మీ సుప్రీంకోర్టే చెప్పింది. 2023లో యువతీయువకులు మంత్రిత్వ శాఖల ముందు కూర్చున్నాకే ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. అంటే ముందుగా అడగకపోతే ఏమవుతుందో మీకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. పారాలో ఆ గొట్టం వెళ్ళే దారిలో కిలోంబోలా గ్రామాలున్నాయి. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఆఫ్రికన్ల సంతతి వాళ్ళు. సామీలకు ఏ గౌరవం ఇవ్వాలని మీ కోర్టు అందో అదే గౌరవం వాళ్ళదీ.

2022 జులై 1 నుంచి మీ దేశంలో పారదర్శకత చట్టం అమల్లో ఉంది. పెద్ద కంపెనీలు తమ సరఫరా గొలుసులో మనిషి హక్కుల సంగతి ఏమైందో చెప్పాలి, ఎవరు రాసి అడిగినా 3 వారాల్లోగా జవాబు ఇవ్వాలి. మా సమాచార హక్కు చట్టంలో 30 రోజులు, అదీ ప్రభుత్వ కార్యాలయాల వరకే. మీ చట్టం చదివి చాలా సంతోషపడ్డాను. ఒక్క లోటు తీర్చండి. బార్కరేనాలో ఉన్న మనిషి పోర్చుగీసులో అడిగితే పోర్చుగీసులోనే జవాబు రావాలి, ఫోన్‌లో అడిగినా చెల్లాలి. ఏ చట్టమైనా ఎవరి నీళ్ళ కోసం చేశారో వాళ్ళ నోటికి అందాలి కదా.

రెండు దేశాల మధ్య ఉన్నది అల్యూమినా ఒక్కటే కాదు, తెలుసు. మా పూడిమడకలో ఇసుక మీద చేపలు ఎండబెట్టినట్టే మీవాళ్ళు కాడ్ చేపకు ఉప్పు పట్టించి బండల మీద ఎండబెట్టి క్లిప్‌ఫిస్క్ చేసేవారు. 19వ శతాబ్దం నుంచీ అది బ్రెజిల్‌కు వెళుతోంది. అక్కడ దాని పేరు బకల్యావ్. గుడ్ ఫ్రైడేకి ఆ చేప లేకపోతే వాళ్ళకు పండగ కాదు. మీ ఈక్వినార్ కంపెనీ 2025 అక్టోబరులో బ్రెజిల్ సముద్రంలో చమురు తీయడం మొదలుపెట్టిన క్షేత్రానికి కూడా ఆ చేప పేరే పెట్టారు. సాల్మన్ మేతకు కావలసిన సోయా బ్రెజిల్‌ది. మా భీమవరం చెరువుల్లో రొయ్యకు మేత వేసే రైతుకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. మేత బస్తాలో ఏముందో కొనేవాడు గట్టిగా అడిగితే అమ్మేవాడు మారతాడు. మీ సాల్మన్ కంపెనీలు అడిగాయి. 2021లో వాటికి సోయా పంపే బ్రెజిల్ సరఫరాదారులు అడవి నరికిన నేలలో పండిన సోయా కొనబోమని ఒప్పుకున్నారు, ఆ ఒక్క సరుకుకే కాకుండా తమ సోయా వ్యాపారం మొత్తానికీ. అల్యూమినియం కొనేవాళ్ళు ఆ మాత్రం అడగలేరా? కారు డోరు, కిటికీ ఫ్రేము తక్కువ కార్బన్ లోహంతో చేశామని చెప్పుకుంటున్నప్పుడు ఆ లోహం వెనక ఉన్న నీటి సంగతి కూడా ఒక వాక్యంలో రాయవచ్చు.

చమురు ఆదాయంతో మీ ప్రభుత్వం నడిపే పెట్టుబడుల నిధి 2020 మేలో వాలే కంపెనీని తన పెట్టుబడుల జాబితా నుంచి తీసేసింది, పర్యావరణానికి చేసిన హాని కారణంగా. సరైన నిర్ణయం. బార్కరేనా మీరు కొన్నది ఆ వాలే నుంచే. బయటివాళ్ళ మీద వాడిన కొలతను సొంత వాటా మీద వాడడానికి ఇంకో కమిటీ అక్కరలేదు.

ఇక కొత్త ఒప్పందం. మీరు, స్విట్జర్లాండ్, ఐస్‌లాండ్, లీష్టెన్‌స్టైన్ కలిసి దక్షిణ అమెరికాలోని మెర్కోసుర్ దేశాలతో 2025 సెప్టెంబరు 16న రియోలో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకున్నారు. 2017లో మొదలైన చర్చలు 2019లో దాదాపు ముగిసి, అమెజాన్ మంటలు, నరికివేత మీద మీ దేశంలో లేచిన అభ్యంతరాలతో ఏళ్ళ తరబడి ఆగాయి. మీ చేపకు సుంకం తగ్గుతుంది, వాళ్ళ మాంసానికి, ధాన్యానికి దారి దొరుకుతుంది. వ్యాపారం పెరగాలని కోరుకునేవాణ్ణే నేను. ఓడ కదిలితేనే మాలాంటివాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగింది. కానీ ఆ ఒప్పందం పని ఎలా సాగుతోందో చూడడానికి రెండు వైపుల అధికారులు కూర్చునే ప్రతి సమావేశంలోనూ బార్కరేనా పల్లెల మనిషికి ఒక కుర్చీ వేయించండి. మాట్లాడే కుర్చీ కావాలి, మూలన కూర్చుని వినే కుర్చీ కాదు.

మీరూ మేమూ కూడా ఇప్పుడు ఒకే ఒప్పందంలో ఉన్నాం. భారతదేశంతో మీ నాలుగు దేశాల ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 15 ఏళ్ళలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడి తెస్తామన్నారు. అందులో ఎంతో కొంత మా తీరానికీ వస్తుందని, ఉద్యోగాలు వస్తాయని మా కుర్రాళ్ళు ఎదురు చూస్తున్నారు. రావాలి. ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి అదొక కారణం. మీకు దీన్ని అనువాదం చేసి పంపిస్తాను, కానీ ముందు మావాళ్ళు చదవాలి. పెట్టుబడి తెచ్చేవాళ్ళను ఏమి అడగాలో, అంతకు ముందు బార్కరేనాలో ఏమైందో వాళ్ళకు తెలియాలి.

ఒడిశాలోని దామన్‌జోడి అల్యూమినా కూడా మా విశాఖ రేవులోనే ఓడ ఎక్కుతుంది. రేవు వైపు వెళ్ళినప్పుడు హాచ్ మూతలు తెరిచి ఉన్న ఓడ కనిపిస్తే ఇప్పటికీ నా కళ్ళు ఆకాశం వైపు వెళతాయి, మబ్బు పట్టిందేమోనని. ఆ పొడి తడవకూడదని అంత జాగ్రత్త నేర్చుకున్నాను. ఆ జాగ్రత్తలో సగం అవతలి ఒడ్డున బావికి దొరికితే చాలు.

ఒక్క విన్నపంతో ముగిస్తాను. నెలవారీ నీటి పరీక్షలు మొదలుపెట్టించండి. మొదటి నెల లెక్క పోర్చుగీసులో అచ్చువేసి బోమ్ ఫుతూరోలో నలుగురూ చూసే గోడకు అంటించాక, దాని ఫొటో ఒకటి నాకూ పంపించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బోసన్,
శృంగవరపుకోట